కొంగల బంద ఎక్కడుంది? ఊరి చోట్ల పేర్లు రాసిపెట్టుకునే పద్ధతి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో నాకొక జిరాక్స్ షాపు ఉంది. ఫొటోలు, ఆధార్ ప్రింట్లు, పిల్లల ఆన్‌లైన్ అప్లికేషన్లు ఎలాగూ ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది మాత్రం భూలేఖ్‌లో, అంటే ఒడిశా భూమి రికార్డుల సైటులో, పట్టా తీసివ్వమనే రైతులు. జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాట్ నంబరు ఎంచుకుంటే కాగితం వచ్చేస్తుంది. అది ఒడియాలో ఉంటుంది కాబట్టి మన తెలుగువాళ్ళకి నేనే చదివి చెప్తాను.

2017లో మా ఊరి తాత ఒకాయన అలాగే వచ్చాడు. ఖాతా నంబరు, ప్లాట్ నంబర్లు, ఎకరాలు, డిసిమిల్లు అన్నీ చదివి వినిపించాను. అంతా విని, "ఇందులో మా కొంగల బంద కింది మడి ఏదమ్మా?" అని అడిగాడు. బంద అంటే మా వైపు చిన్న చెరువు. నంబరు మీద వేలు పెట్టి చూపించాను. "నంబరు కాదమ్మా, పేరేదీ?" అన్నాడు. పట్టాలో ప్లాట్ నంబరు దగ్గరే చక పేరు, అంటే ఆ పొలాల చోటు పేరు, రాయడానికి చోటుంటుంది. ఆయన కాగితంలో అది ఖాళీగా ఉంది. "పేరు నేదా?" అని ఇంకోసారి అడిగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి వేసవిలో ఆయన పోయాడు. పోయాక తెలిసింది, మా ఊరి పడమటి పొలాల పేర్లు వరసగా చెప్పగలిగినవాడు ఆయనొక్కడేనని. ఆ రోజు కుర్చీ వేసి కూర్చోబెట్టి పది నిమిషాలు అడిగి ఉంటే సరిపోయేది. ఆ బాధ ఇంకా ఉంది. అప్పటి నుంచీ ఊరి చోట్ల పేర్లు రాస్తున్నాను. చెరువులు, బందలు, గెడ్డలు (వాగులు), మదుములు (చెరువు నీళ్ళు వదిలే తూములు), మెట్టలు, రేవులు, గోర్జీలు (సందులు), ఒంటిగా నిలబడ్డ చెట్లు, దేనికి పేరుంటే అది. మీ ఊరికి మీరూ రాయాలనుకుంటే నాకు తెలిసిందంతా ఇక్కడ చెప్తాను.

ముందు సామాన్లు. అట్ట గట్టిగా ఉన్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పెన్సిలు ఒకటి. పెన్ను వద్దు, చినుకు పడితే రాసిందంతా కారిపోతుంది. ఫోన్లో వాయిస్ రికార్డర్. ఊరి నక్షా, అంటే పటం, ఒకటి. ఒడిశాలో అయితే భూనక్ష సైటులో మౌజా నక్షా దొరుకుతుంది. దాన్ని ముక్కలుగా ఎ4 కాగితాల మీద పెద్దగా ప్రింటు తీసి, వెనక గమ్ టేపుతో అతికించుకోండి. ప్రతి మడీ విడిగా కనబడాలి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 పటం కూడా మంచిదే గానీ అందులో 2 సెంటీమీటర్లంటే కిలోమీటరు, ఊరంతా కలిపి బొటనవేలంత ఉంటుంది. కొండలకీ గెడ్డలకీ అది, పొలాలకి మౌజా నక్షా.

ఎవరిని అడగాలన్నదే అసలు పని. నేను మొదట తప్పు మనుషుల దగ్గరికి వెళ్ళాను. చదువుకున్నవాళ్ళు, పెద్ద రైతులు, పంచాయతీలో తిరిగేవాళ్ళు. వాళ్ళకి తమ పొలం తెలుసు, తమ పొలానికి వెళ్ళే దారి తెలుసు. పక్క దారి తెలియదు. పేర్లు ఉండేది పశువులు కాసేవాళ్ళ దగ్గర, నీళ్ళు కట్టేవాళ్ళ దగ్గర, వలేసి చేపలు పట్టేవాళ్ళ దగ్గర, అందరి పొలాల్లోనూ కూలికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర. వాళ్ళకి సొంత భూమి సెంటు ఉండకపోవచ్చు. ఊరంతా మాత్రం కాళ్ళతో తెలుసు. ఇంకొకళ్ళు, బయటి ఊళ్ళ నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. వాళ్ళు ఈ ఊరి పేర్లు పెద్దయ్యాక నేర్చుకున్నారు కాబట్టి ఎలా నేర్చుకున్నారో కూడా గుర్తుంటుంది. "నేనొచ్చిన కొత్తలో దీన్ని ఇలా అనేవారు" అని వాళ్ళే చెప్తారు.

అడిగే తీరు ఇంకా ముఖ్యం. అరుగు మీద కూర్చుని "మన ఊళ్ళో చోట్ల పేర్లు చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. తెలియక కాదు, అవి పేర్లని వాళ్ళకి అనిపించదు. మా పెదనాన్న కూతుర్ని, నేను అప్పా అని పిలుస్తాను, ఇంట్లో అడిగితే "పొలాలకి పేర్లేటే, పొలాలే" అంది. తర్వాత ఉడుపుల (వరి నాట్ల) రోజు ఆమె వెనకాల గట్టు మీద నడిచాను. పది అడుగులు వేసిందో లేదో కాలు జారింది. "ఈ జిగట మడి దగ్గర ఎప్పుడూ ఇంతే" అంది. ఆకు కట్టలు మోసుకొస్తున్న పిల్లల్ని "ఒకటి నక్క మడి మూలని పడేయండర్రా" అని కేకేసింది. నీళ్ళు చాలడం లేదని ఎవరో అంటే, మోచేతుల దాకా బురదతో వంగినది వంగినట్టే ఉండి, తల మాత్రం పక్కకి తిప్పి "పెద్ద మదుము కాదు, గుడ్డి మదుము తియ్యండి" అంది. నోట్‌బుక్ సంచీలో ఉండిపోయింది. నాలుగు పేర్లూ అరచేతి మీదే రాసుకున్నాను. ఆమె పని ఆపలేదు, నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

అందుకని పేర్లు అడగకండి, పని అడగండి. "నిన్న గేదెల్ని ఎటు తోలేవు?" "వాన ఎక్కువైతే ముందు నీళ్ళు ఎక్కడ నిలబడతాయి?" "చిన్నప్పుడు ఈత ఎక్కడ నేర్చుకున్నావు తాతా?" "రాత్రిపూట ఎటు వెళ్ళొద్దనేవారు?" ఈ చివరి ప్రశ్నకి కనీసం అయిదు పేర్లు వస్తాయి. కుదిరితే వాళ్ళతోనే నడవండి. నడవలేని పెద్దవాళ్ళయితే మంచం దగ్గర కూర్చుని "ఇంటి నుంచి బయల్దేరి మడికి వెళ్ళాలంటే ముందేం తగుల్తుంది, తర్వాతేం తగుల్తుంది" అని వరసగా అడగండి. కళ్ళు మూసుకుని నడిచినట్టే చెప్తారు.

ఒక్కో పేరుకి ఏం రాయాలి

ఒక్కో పేరుకి ఒక్కో పేజీ వదలండి. కాగితం వృథా అని చూడొద్దు, తర్వాత చేర్చాల్సినవి చాలా వస్తాయి. నా పుస్తకంలో ఒక పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"గుడ్డి మదుము. కొంగల బంద తూర్పు గట్టు మీద, పెద్ద మదుముకి దక్షిణంగా సుమారు నలభై అడుగులు. నోరు నీళ్ళ అడుగున ఉంటుంది, పైకి కనబడదు, అందుకే గుడ్డిది. దీని కింద ఏడు మళ్ళు తడుస్తాయి. చెప్పింది అప్ప, ఉడుపుల రోజు. ఒడియావాళ్ళూ ఇదే పేరంటారు, గుడి మదుము అన్నట్టు వినబడుతుంది. ఇప్పుడు సిమెంటు గొట్టం వేశారు. పేరు మారలేదు."

అందులో చివర్నుంచి మూడో మాట చూడండి, గుడి అన్నట్టు వినబడుతుందన్నది. ఒడియాలో మన ద్విత్వాలు తేలిపోతాయి. ఎవరైనా దాన్ని అలాగే రికార్డుల్లోకి ఎక్కిస్తే, యాభై ఏళ్ళ తర్వాత మన మనవలు ఇక్కడొక గుడి ఉండేదనుకుంటారు. అర్థం ఎందుకొచ్చిందో ఒక్క వాక్యం పక్కన ఉంటే ఆ తప్పు జరగదు.

అర్థం ఎవరూ చెప్పలేకపోతే మీరు ఊహించి రాయకండి. ఇద్దరు రెండు కథలు చెప్తే రెండూ రాయండి, ఎవరిది ఏదో పక్కన పెట్టండి. ఎప్పటి మాట అన్నదానికి సంవత్సరం అడిగితే పెద్దవాళ్ళు చెప్పలేరు. అందరికీ గుర్తుండే సంగతులు పట్టుకోండి. మా వైపు వంశధార 80 వరద ఒకటి. గజపతి జిల్లా 1992 అక్టోబర్ 2న గంజాం నుంచి విడిపోవడం ఒకటి. అన్నిటికంటే బాగా పనికొచ్చేది చిన్న రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన న్యారోగేజి బండి 2004లో ఆగిపోయింది, 2011లో పెద్ద లైను మీద మళ్ళీ రైలు వచ్చింది. "చిన్న రైలు ఉండగా ఈ బంద ఉందా?" అంటే ఎవరైనా టక్కున చెప్తారు.

2018 అక్టోబర్ 11 నాటి తిత్లీ తుపాను సంగతి విడిగా చెప్పాలి. ఆ గాలికి మా ఊరి జోడు తాళ్ళు, ఊడల మర్రి, గుర్తుగా చెప్పుకునే చెట్లన్నీ ఒక్క రోజులో పడిపోయాయి. చెట్టు పోయాక ఆ చోటుకి పేరు రెండు మూడేళ్ళు నిలుస్తుంది, తర్వాత పిల్లలు అనడం మానేస్తారు. కాబట్టి చెట్ల పేర్లున్న చోట్లు ముందు రాయండి. కాండం మొదలు ఇంకా కనబడుతుంటే దాన్నే ఫొటో తీయండి.

ఆ తుపానే ఈ పని ఎందుకు చేయాలో నాకు బాగా చెప్పింది. మా చిన్నాన్న కొడుకు ఊరి చివర స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. కాగితాలు బాగున్నాయి, నంబరు సరిగ్గా ఉంది, రోడ్డు పక్కన. తిత్లీ వానకి మంచం పట్టె దాకా నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, కొత్త మిక్సీ, అన్నీ నీళ్ళలో. మర్నాడు మా నాయనమ్మ వచ్చి చూసి, "దొంగ గెడ్డలో కట్టి నీళ్ళొచ్చాయంటే ఎలారా నాయనా" అంది. ఏడాదంతా ఎండిపోయి, పెద్ద వాన పడిన రాత్రి ఎవరికీ తెలియకుండా వచ్చి పోతుంది కాబట్టి దాన్ని దొంగ గెడ్డ అనేవారట. మా తమ్ముడు కొనేటప్పుడు ఆమెని అడిగి ఉంటే చెప్పేదే. ఎవరూ అడగలేదు. ప్లాట్ నంబరు చెప్తే ఆమెకి తెలియదు, దొంగ గెడ్డ అంటే మా తమ్ముడికి తెలియదు. పేరుతో పాటు నీళ్ళ సంగతి తప్పకుండా రాయమని అందుకే అంటున్నాను. ఎప్పుడు వస్తాయి, ఎటు నుంచి వస్తాయి, ఎన్నాళ్ళు నిలుస్తాయి, ఆ మూడూ రాయండి. గెడ్డ, పల్లం, ముంపు, ఊట, చవుడు అన్న మాటలు పేరులో ఉంటే ఆ పేజీకి మూల మడత పెట్టండి. ఇల్లు కట్టే ముందు ఆ పేజీలు చూసుకోవచ్చు.

మూడు భాషల ఊళ్ళో రాయడం

మనం ఉండేది సరిహద్దులో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పుడు పాతపట్నం వెళ్ళామంటే ఆంధ్ర, ఇటు వచ్చామంటే ఒడిశా. మహేంద్రతనయ మాత్రం రెండింటికీ ఒకటే. ఒకే చోటుకి రెండు పేర్లు, మూడు పేర్లు ఉండడం మనకి మామూలు సంగతి. మనం బరంపురం అంటాం, బోర్డు మీద బ్రహ్మపూర్ ఉంటుంది. మనం వంశధార అంటే వాళ్ళు బంశధార అంటారు. మన 'వ' ఒడియాలో చాలాసార్లు 'బ' అయిపోతుంది, మన 'అ' కాస్త 'ఒ' వైపు తిరుగుతుంది. ఎ, ఏలకి గానీ ఒ, ఓలకి గానీ వేరే అక్షరాలు లేవు. ఈ నాలుగూ గుర్తుంటే పట్టాలో వింతగా కనబడ్డ పేరుని వెనక్కి తిప్పి అసలు పేరు పట్టుకోవచ్చు. షాపులో రోజూ నేను చేసేది అదే.

పేజీని నిలువుగా గీత గీసి తెలుగు ఒక పక్క, ఒడియా ఒక పక్క రాయండి. మా కొంగల బందని ఒడియావాళ్ళు బగ పొఖరి అంటారు. బగ అంటే కొంగే. ముందు ఎవరిదో పేరు, తర్వాత ఎవరు మార్చుకున్నారో అన్న వాదన పెట్టుకోవద్దు. నా పుస్తకంలో ఆ పేజీని చూపించినప్పుడు పక్కింటి ఒడియా జెజే, అంటే తాత, తన చేత్తో ఒడియా పేరు రాసిచ్చాడు. రాసి, కొంగలు ఏ నెలలో దిగుతాయో కూడా చెప్పాడు. అది మనవాళ్ళెవరూ నాకు చెప్పలేదు.

తెలుగు రాసేటప్పుడు అన్నవాళ్ళు అన్నట్టే రాయండి. సెరువు అంటే సెరువు. కింద కావాలంటే చెరువు అని ఇంకోసారి రాయండి. పుస్తక భాషలోకి దిద్దితే పేరు ఎవరిదో తెలియకుండా పోతుంది. మాట్లాడే భాషనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పంతులుగా పని చేసింది ఈ పర్లాకిమిడిలోనే. మా వైపు కొండల్లో ఉండే సవరల భాష తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి అందరూ దండలు వేస్తారు. ఆ రోజు మీ ఊరి పేర్లు అయిదు రాస్తే నాకు ఇంకా నచ్చుతుంది.

కొండ వైపు వెళ్తే సవర పేర్లు వస్తాయి. మనం బోడి మెట్ట అని ఒక్క మాటలో అనేసే కొండకి, సంతకి అల్లం, కొండచీపుర్లు తెచ్చే సవర అక్క ఒకామె నాకు ఒక్కో వాలుకీ ఒక్కో పేరు చెప్పింది. ఆ మాటల చివర గొంతు టక్కున ఆగుతుంది. ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. నేను పైన ఒక చిన్న గీత పెడుతున్నాను, ఆ గీత ఏమిటో పుస్తకం మొదటి పేజీలో రాశాను. రాసింది ఆమెకి చదివి వినిపిస్తే రెండుసార్లు కాదని తల ఊపింది, మూడోసారికి ఊఁ అంది. సవరకి సొంత లిపి కూడా ఉంది, 1936లో మంగై గొమాంగో తయారు చేసిన సొరాంగ్ సొంపెంగ్. అది వచ్చినవాళ్ళు దొరికితే వాళ్ళ చేతే రాయించండి. ఎలాగైనా రికార్డింగు తప్పనిసరి. పేరు రెండుసార్లు అనిపించుకోండి, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలుగా.

జాగ్రత్తలు

ఈ పుస్తకంలో ఏ మడి ఎవరిదో రాయకండి. గట్టు తగాదాలు లేని ఊరుండదు. ఒకసారి ఎవరో నా పుస్తకం చూపించి "చూశావా, ఈ గట్టు మా వైపే రాసుంది" అన్నారు. ఆ రోజు నాకు చాలా టెన్షన్ అయింది. అప్పటి నుంచీ మొదటి పేజీలోనే, ఇది పేర్ల పుస్తకం, హద్దులకి పనికిరాదు అని పెద్ద అక్షరాలతో రాశాను.

కొన్ని చోట్లని బయటివాళ్ళకి చెప్పకూడదని ఊరివాళ్ళు అనుకుంటారు. అమ్మవారి చోట్లు, సవరల పూజ చోట్లు, మందు మొక్కలుండే చోట్లు. చెప్పినవాళ్ళు వద్దంటే పుస్తకంలో కూడా రాయకండి. మీకు చెప్పారు, అది చాలు. కొన్ని పేర్లలో కులం మాట చులకనగా ఉంటుంది. అక్కడ ఉండేవాళ్ళు తమ వీధిని ఏమంటారో అడిగి అదే పేజీ మీద పెద్దగా రాయండి. పాత పేరు వాళ్ళు ఒప్పుకుంటేనే లోపల ఉంచండి.

రికార్డింగులు ఒక్క ఫోన్లోనే ఉంచొద్దు. నా ఫోను పాడైనప్పుడు రిపేరు షాపులో అంతా తుడిచేసి ఇచ్చారు. రెండేళ్ళ గొంతులు పోయాయి. వాటిలో ఇద్దరు ఇప్పుడు లేరు. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, పుస్తకం ప్రతి పేజీ ఫొటో తీసి ఇంకో ఊళ్ళో ఉన్న మనిషికి పంపండి. నేను మా చెల్లికి విశాఖ పంపిస్తున్నాను.

ఆన్‌లైన్ పటంలో పెట్టాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మంచిది. అక్కడ ఒకే చోటుకి తెలుగు పేరు, ఒడియా పేరు వేరువేరుగా నింపొచ్చు. ఊరందరికీ తెలిసిన చెరువు, గెడ్డ, కొండ, రేవు వరకే పెట్టండి.

ఊరికి చదివి వినిపించడం

పుస్తకం సగం నిండాక దాచుకోవద్దు. మేము కనుమ రోజు పెట్టుకున్నాం. ఆ రోజుకి హైదరాబాదు, విశాఖ, సూరత్ వెళ్ళినవాళ్ళందరూ ఇంటికొస్తారు. రామమందిరం అరుగు మీద మౌజా నక్షా పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. నేను పేరు చదవాలి, ఎవరైనా వచ్చి ఆ చోట చిక్కుడు గింజ పెట్టాలి. గింజ తప్పు చోట పడితే పదిమంది ఒకేసారి అరిచారు. ఒక్క మధ్యాహ్నంలో ఎన్నో తప్పులు దిద్దారు, నేను వినని పేర్లు కూడా కొన్ని చెప్పారు. పెన్సిలు పట్టుకుని రాసేవాళ్ళు ఇద్దరుండాలి, ఒక్కరి వల్ల కాదు.

పోయిన కనుమకి ఆ తాత మనవడు వచ్చాడు, అయిదో తరగతి. కొంగల బంద దగ్గర గింజ పెట్టి, దాని కింద ఇంకో గింజ పెట్టాడు. "ఇది తాత మడి. తాత దీన్ని ముసలి మడి అనేవాడు, నీళ్ళు చివర్న చేరుతాయని" అన్నాడు. ఆ పేజీ అప్పటిదాకా ఖాళీగా ఉంది. వాడి చేతికే పెన్సిలు ఇచ్చాను.